రాత్రి పుస్తకం

చెముడుగుంట జైల్లో నాకిచ్చిన పని
నిద్రపోకుండా ఉండటం.
కాటంరాజు నిద్రపోతుండాడో లేదో
గంటగంటకీ పుస్తకంలో రాయటం.

పది: పడుకోనుండాడు.
పదకొండు: పడుకోనుండాడు. కళ్ళు తెరిచే ఉండాయి.
పన్నెండు: గోడవైపు.

"నీ అక్షరం గుండ్రంగా ఉంటదిలే మస్తానయ్యా" అని
హెడ్డు వార్డరు ఈ పుస్తకం, మొండి పెన్సిలు చేతిలో పెట్టినాడు.
నెలంతా మేలుకుంటే
శిక్షలో కొన్ని రోజులు కొట్టేస్తారంట.
అంటే, వాడు తెల్లారి లేచిన ప్రతిసారీ
నేను గేటుకి ఒకడుగు దగ్గర.
ఆ లెక్క నాకు నచ్చలా.
అయినా వేసుకుంటుండా.

హెడ్డుకి చెప్పని సంగతి ఒకటుంది.
నాకెట్టాగూ నిద్ర రాదు.
కళ్ళు మూస్తే ఒకడు మంచినీళ్ళడుగుతాడు.
ఎవడని అడగొద్దు.

కాటంరాజు నిక్కరు బొందు లాగేసుకున్నారు,
తువ్వాలు కూడా.
పోయిన ఆషాఢంలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు,
అందరికీ తెలుసు.
ఒక చేత్తో నిక్కరు పట్టుకోని,
ఇంకో చేత్తో పళ్ళెం పట్టుకోని అన్నానికొస్తాడు.
ఇరవైమూడేళ్ళు. జువ్వలదిన్నె పిల్లోడు.
కేసింకా కోర్టు మెట్లెక్కలా.

మంగళవారం డాక్టరొస్తాడు,
ఎనభై మందికి రెండు గంటలు.
"నిద్ర పడతందా?" "పడతంది సార్."
"తిండి?" "తింటుండా సార్."
ఒక తెల్ల మాత్ర, సగం పచ్చ మాత్ర.
తిక్కోళ్ళ వరస కదిలిందిరోయ్ అని
కటకటాల వెనక ఒకడు నవ్వతాడు.
ఆ నవ్వినోడు
రాత్రిళ్ళు బకెట్టుతో మాట్లాడతాడు.
అది రాయమని నాకెవరూ చెప్పలా.

ఒంటిగంట: కూచోనుండాడు. చేతులు ఆడిస్తుండాడు.

చేతుల్లో ఏమీ లేదు.
బొటనవేలి మీదుగా తిప్పి, దూర్చి, బిగించి,
మళ్ళీ తిప్పి.
ముడులు! నా గుండె జారింది.
చాలాసేపటికి తెలిసింది,
నూలు లేకుండా వల అల్లతుండాడు.
కన్ను ఎంతరా అని అడిగినా.
"రెండేళ్ళు" అన్నాడు.
ఇక్కడ ఆ మాటకి అందరికీ ఒకటే అర్థం,
నేను శిక్షనుకున్నా.
వాడు చూపుడువేలూ నడివేలూ జోడించి చూపించినాడు.
"కానాగంతలకి."

అదే నెల రోజుల్లో మొదటి మాట.

"ఈ లైటెప్పుడారతది?"
"ఆరదు."
"గొల్లకావడి చూసి శానా రోజులైంది."
హైవే మీద పోర్టు లారీ పోయిందాకా
ఇద్దరం మాట్లాడలా.
అప్పుడు చెప్పినా, చీమకుర్తి క్వారీ సంగతి.
నల్లరాయి, కోసి నీళ్ళు కొడితే
లోపలంతా బంగారు చుక్కలు.
పై దేశాలోళ్ళు ఇళ్ళల్లో పరుచుకుంటారు.
"చుక్కల మీద నడస్తారా?"
"చెప్పులేసుకోని."
నవ్వలేదు గానీ, పెదిమ ఒక పక్కకి కదిలింది.

రెండు: మాట్లాడినాడు.

మూడో వారం వాడి పిడికిట్లో
దుప్పటి అంచు పోగు, జానెడు.
చెప్పాలి. చెబితే ఒంటరి గది.
చెప్పకపోతే?
"నాకు నేర్పు" అన్నా.
రాయి కొట్టిన వేళ్ళు, ఒక్క ముడీ నిలవలా.
తెల్లారి ఆ పోగు హెడ్డు చేతికిచ్చి
నా దుప్పటిదని అబద్ధమాడినా.
నాలుగు రాత్రులు కాటంరాజు
నా వైపు చూడలా.
అవి కూడా రాసినా, గుండ్రంగా:
పడుకోనుండాడు, పడుకోనుండాడు.

ఐదో రాత్రి ఎట్టా జరిగిందో తెలియదు.
లేచేసరికి గంట కొడతన్నారు,
నా మీద రెండు దుప్పట్లు,
పుస్తకం వాడి మోకాళ్ళ మీద.
నీళ్ళడిగేవాడు ఆ రాత్రి రాలేదు.
హెడ్డు ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టి పోయినాడు.
నేను తర్వాత చూసినా.
వంకర టింకర అక్షరాలు,
"డ"కి కొమ్ము ఎక్కువ పెట్టి:

నాలుగు: మస్తానయ్య పడుకోనుండాడు.
నేను చూస్తుండా.